కుక్కల కీళ్ల నొప్పికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: కట్టే డబ్బుకు వచ్చేదెంత?

ముందే చెప్పేస్తున్నాం: ఈ ఇంజెక్షన్ అరిగిన గుజ్జును తిరిగి పుట్టించదు. ఎక్స్‌రేలో కనిపించే ఎముక ముళ్లు కరిగిపోవు, వదులైన తుంటి కీలు బిగుసుకోదు. కీలు లోపలి మంట, వాపు, నొప్పి తగ్గుతాయి. అదీ అన్ని కుక్కల్లో కాదు, ఎల్లకాలం కాదు. సరైన కుక్కకు, సరైన కీలులో, బతికున్న కణాలు తగినన్ని పడితే మూడు నుంచి ఆరు నెలలు కాస్త హాయిగా తిరుగుతుంది. నొప్పి మాత్రలు ఒంటికి పడని ముసలి కుక్కకు ఆ కొన్ని నెలలు చిన్న విషయం కాదు, అందుకే ఈ సేవను కొట్టిపారేయలేం. ఇబ్బందల్లా అమ్ముతున్న తీరులో ఉంది. వయల్‌లో (మందు సీసాలో) ఏముందో, ఎంతుందో అడగకుండానే చాలామంది యజమానులు బిల్లు కట్టేస్తున్నారు.

కొవ్వులోనో ఎముక మజ్జలోనో దొరికే మీసెంకైమల్ కణాలు అనే స్టెమ్ సెల్స్‌ను (మూలకణాలను) కీలులోకి ఎక్కించడమే ఈ చికిత్స. అవి కీలులో స్థిరపడి గుజ్జుగా మారతాయని మొదట్లో అందరూ ఆశపడ్డారు. అలా జరగడం లేదు. ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం కొన్ని వారాల్లోనే కనిపించకుండా పోతాయి. ఉన్నన్నాళ్లూ అవి వదిలే రసాయన సంకేతాలు కీలు లోపలి పొరలో ఉండే రక్షణ కణాలను శాంతింపజేస్తాయి, మంట పుట్టించే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. ఉపశమనం వచ్చేది అందువల్లే. కాబట్టి దీన్ని ఒక మందుగానే చూడాలి. దీనికీ మోతాదు ఉంటుంది, పనిచేసే గడువు ఉంటుంది, పడని ఒళ్లూ ఉంటుంది.

ఏం కొంటున్నారు?

ఇది మూడు రూపాల్లో దొరుకుతుంది. మొదటిది, కుక్క ఒంట్లోని కొవ్వునే కొంత తీసి, క్లినిక్‌లోనే ఒక కిట్‌తో కణాలు వేరుచేసి అదే రోజు కీలులోకి ఎక్కించడం. రెండోది, ఆ కొవ్వును ల్యాబ్‌కు పంపి కణాలు తెప్పించుకోవడం. అమెరికాలో ఈ పద్ధతికి పాత పేరు కాలిఫోర్నియాలోని పోవేలో ఉన్న వెట్-స్టెమ్. గుర్రాల కాళ్లలో టెండన్, లిగమెంట్ గాయాలతో మొదలుపెట్టి తర్వాత కుక్కల కీళ్లకు వచ్చింది. కొవ్వు చల్లటి పెట్టెలో కొరియర్‌లో వెళ్తుంది, కణాలు సిరంజీల్లో నిండి దాదాపు 48 గంటల్లో తిరిగొస్తాయి. మూడోది, ఆరోగ్యంగా ఉన్న వేరే జంతువు నుంచి తీసి, ల్యాబ్‌లో పెంచి, గడ్డకట్టించి దాచిన రెడీమేడ్ వయల్. స్పెయిన్‌కు చెందిన ఈక్వికార్డ్ తయారుచేసిన డాగ్‌స్టెమ్‌కు యూరోపియన్ యూనియన్ 2022లో అనుమతి ఇచ్చింది. అందులో ఉండేవి కుక్క కణాలు కావు, గుర్రపు పిల్ల బొడ్డుతాడు నుంచి తీసి పెంచినవి.

మొదటి రెండు రకాల్లో చేతికి వచ్చేది శుద్ధమైన స్టెమ్ సెల్స్ కాదు. కొవ్వును కొలాజినేజ్ అనే ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట దాకా కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ఒక ముద్ద మిగులుతుంది. దాన్ని ఎస్‌వీఎఫ్ అంటారు. గ్రాము కొవ్వుకు సుమారు 5 నుంచి 10 లక్షల కణాలు వస్తాయి. వాటిలో అసలు మీసెంకైమల్ కణాలు నూటికి ఏ కొన్నో. మిగతావి రక్తనాళాల గోడ కణాలు, తెల్ల రక్తకణాలు, ఇంకా ఇతరాలు. వాటివల్ల ఉపయోగమే లేదని కాదు. కానీ "రెండు కోట్ల స్టెమ్ సెల్స్ ఎక్కించాం" అని ఎస్‌వీఎఫ్ చేసినవాళ్లు చెబితే ఆ లెక్క తప్పు. ల్యాబ్‌లో రెండు మూడు వారాలు పెంచిన కణాల్లో మాత్రమే అంత సంఖ్యలో అసలు సరుకు ఉంటుంది. ఈ తేడా బిల్లులో కనిపించదు, అడిగితేనే బయటపడుతుంది.

పీఆర్‌పీ అనేది వేరే సంగతి. అది కుక్క రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం, అందులో స్టెమ్ సెల్స్ ఉండవు. చవక, కొవ్వు కోయక్కర్లేదు, కొన్ని కుక్కలకు బాగానే పనిచేస్తుంది. పీఆర్‌పీ చేసి స్టెమ్ సెల్ రేటు తీసుకుంటే మాత్రం అది మోసమే. ఇక "స్టెమ్ సెల్ పౌడర్", "స్టెమ్ సెల్ మాత్రలు" అంటూ డబ్బాల్లో అమ్మేవాటిలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు, ఉండే వీలూ లేదు. వాటి జోలికి పోకండి.

ఆధారాలు ఎంత గట్టివి?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, డబ్బు నిర్ణయం దీనిమీదే ఉంది. తుంటి కీలు అరిగిన 21 కుక్కలపై 2007లో, మోచేతి కీలు అరిగిన 14 కుక్కలపై 2008లో అమెరికాలో వచ్చిన తొలి అధ్యయనాలు మంచి ఫలితాలే చూపాయి. కానీ కుక్కల సంఖ్య చిన్నది. 2016లో వచ్చినది వాటికంటే పెద్దది. అందులో 93 కుక్కలను తీసుకుని, కొన్నింటికి వేరే కుక్కల కొవ్వు నుంచి పెంచిన 1.2 కోట్ల కణాలు, మిగతావాటికి డమ్మీ ఇంజెక్షన్ ఇచ్చారు. ఏ కుక్కకు ఏది పడిందో యజమానికి తెలియదు. కుక్క రోజూ చేసే పనుల్లో మెరుగుదల కణాలు పడ్డవాటిలో 79.2 శాతానికి కనిపించింది, డమ్మీ పడ్డవాటిలో 55.4 శాతానికి కనిపించింది.

ప్రచార కరపత్రాల్లో మొదటి అంకె ఒక్కటే వేస్తారు. అసలు చూడాల్సింది రెండు అంకెల మధ్య తేడాను, అంటే 24 శాతాన్ని. నాలుగు కుక్కలకు ఈ ఇంజెక్షన్ ఇస్తే కేవలం కణాల పుణ్యాన మెరుగుపడేది సుమారు ఒకటి. మరో రెండు ఎలాగూ మెరుగైనట్టు కనిపించేవే. ఇంకొకదానికి ఏ మార్పూ ఉండకపోవచ్చు. డమ్మీతోనే సగానికిపైగా కుక్కలు బాగుపడ్డట్టు అనిపించడం వింతేమీ కాదు. కీళ్ల నొప్పి ఎండకు, వానకు, చలికి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరినప్పుడే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాం, ఆ తర్వాత అది తనంతట తాను కొంత తగ్గుతుంది. పైగా అంత ఖర్చు పెట్టినవాళ్ల కళ్లకు మంచే కనిపిస్తుంది. డమ్మీ మందు పడ్డ 58 కుంటి కుక్కలను కాలి బరువు కొలిచే ఫలకం మీద నడిపించి పోల్చిన 2012 నాటి అధ్యయనంలో సగానికిపైగా సందర్భాల్లో యజమానులు లేని మెరుగుదలను చూశారు. వెటర్నరీ డాక్టర్లూ నూటికి 40 నుంచి 45 సార్లు అదే చేశారు.

అలాంటి ఫలకం మీదే స్టెమ్ సెల్ కుక్కలను నడిపించి చూసిన స్పెయిన్ పరిశోధకులు నిజమైన మెరుగుదలనే కనుక్కున్నారు. కాలు మీద పెట్టే బరువు పెరిగింది. కానీ నెలలు గడిచేకొద్దీ ఆ లాభం తగ్గుతూ వచ్చింది. మా లెక్కలో నమ్మదగ్గ చిత్రం ఇదే. పనిచేస్తుంది, మధ్యస్థంగా చేస్తుంది, కొంతకాలమే చేస్తుంది.

సూదిని కీలులోకి కాకుండా నరంలోకి మాత్రమే ఇస్తామనే చోట జాగ్రత్త పడండి. రక్తంలోకి వెళ్లిన కణాల్లో అధిక భాగం ముందు ఊపిరితిత్తుల సన్నని నాళాల్లోనే చిక్కుకుంటాయి. ఒకటి రెండు కీళ్లే అరిగిన కుక్కకు కీలులోకి ఇవ్వడమే సరైన దారి.

ఏ కుక్కకు ఇవ్వాలి, ఏ కుక్కకు వద్దు

సరిగ్గా సరిపోయే కుక్క ఇలా ఉంటుంది: ఒకటి లేదా రెండు కీళ్లు మధ్యస్థంగా అరిగాయి, బరువు అదుపులో ఉంది, కిడ్నీ, కాలేయం, కడుపు కారణంగా నొప్పి మాత్రలు నెలల తరబడి వాడలేని పరిస్థితి. నాలుగు కాళ్లూ, వెన్నూ అరిగిపోయి, తొడ కండరం కరిగి లేవలేని దశలో ఉన్న కుక్కకు ఇది ఇచ్చి అద్భుతం ఆశించడం దానికీ మనకూ బాధే.

కుంటడమంటే కీళ్ల అరుగుదలే అనుకుని నేరుగా ఇంజెక్షన్‌కు వెళ్లడం చాలా ఖరీదైన తప్పు. మోకాలి ఎముకలను పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగితే కింది ఎముక ముందుకు జారుతూనే ఉంటుంది. దానికి ఆపరేషనే మందు, కణాలు ఆ జారుడును ఆపలేవు. జర్మన్ షెపర్డ్ వెనక కాళ్లు ఈడుస్తూ, గోళ్ల పైభాగం నేలకు రాసుకుంటూ నడుస్తుంటే అది తుంటి కాకపోవచ్చు, వెన్నుపాము జబ్బు కావచ్చు. పెద్ద జాతి కుక్క ఒకే కాలు మీద రోజురోజుకూ ఎక్కువగా కుంటుతూ, కీలు దగ్గర కాకుండా ఎముక మీద నొప్పి చూపిస్తుంటే ముందు ఎముక క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. క్యాన్సర్ ఉన్న, ఉందని అనుమానమున్న కుక్కకు స్టెమ్ సెల్స్ ఎక్కించకూడదు.

మన ప్రాంతంలో ఇంకొకటి తప్పనిసరిగా చూడాలి, అది పిడుదుల జ్వరం. పిడుదులు మోసుకొచ్చే ఎర్లికియా అనే బాక్టీరియా సోకిన కుక్కకు రెండు మూడు కీళ్లు వాచి అచ్చం ఆర్థరైటిస్‌లాగే కనిపించవచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి కాబట్టి కొవ్వు తీయడానికి కోసినచోట రక్తం ఆగకపోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఏడాది పొడవునా పిడుదులు ఉంటాయి, అందుకే పూర్తి రక్త పరీక్ష, పిడుదుల జ్వరం పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), కాలేయ పరీక్షలు చేయించకుండా మత్తు ఇవ్వనివ్వకండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సుతో పోయే కుంటికి స్టెమ్ సెల్ బిల్లు కట్టడం న్యాయం కాదు.

బరువు సంగతి. ఇది చెబితే చాలామందికి నచ్చదు, అయినా చెప్పాలి. లావెక్కిన కుక్కకు స్టెమ్ సెల్ ఇవ్వడమంటే పైపు కారుతుండగా నేల తుడవడమే. ఒంటి బరువులో 6 నుంచి 9 శాతం తగ్గితేనే కుంటడం తగ్గినట్టు కొలతల్లో తేలింది. అమెరికాలో 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటి నుంచి గమనించిన అధ్యయనంలో, తోటి కుక్క తిన్నదాంట్లో 25 శాతం తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు బతికాయి, మిగతావి 11.2 ఏళ్లే. వాటికి కీళ్ల జబ్బూ ఆలస్యంగా వచ్చింది. 40 కిలోల లాబ్రడార్ 32 కిలోలకు రావాలంటే, 32 కిలోల లెక్కన రోజుకు సుమారు 940 కిలోకేలరీలు పెట్టాలి, వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం చొప్పున తగ్గించాలి. ఒక్క మారీ బిస్కెట్ 20 నుంచి 25 కిలోకేలరీలు. టీ తాగేటప్పుడు ఇంట్లో నలుగురూ తలా రెండు విసిరితే రోజు తిండిలో దాదాపు ఐదో వంతు అక్కడే అయిపోతుంది. పెరుగన్నం గిన్నె సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందు మూడు నెలలు బరువు తగ్గించి చూడండి, కొన్ని కుక్కలకు ఇంజెక్షన్ అవసరమే రాదు.

ఇంజెక్షన్ రోజు ఏం జరగాలి

కొవ్వు తీయడానికి పూర్తి మత్తు కావాలి. భుజం వెనక, గజ్జల్లో, లేదా పొట్ట లోపల బొడ్డు పైభాగంలో ఉండే కొవ్వు పొర నుంచి తీస్తారు. బక్క కుక్కకు చర్మం కింద కొవ్వు దొరకదు కాబట్టి పొట్టలోంచే తీయాలి, అప్పుడు కోత పెద్దది, కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. 20 గ్రాములకు తగ్గితే కణాలు చాలకపోవచ్చు. కోత కింద నీరు చేరడం ఇక్కడ తరచూ వచ్చే ఇబ్బంది. చిన్నదైతే తనంతట తగ్గుతుంది, వేడిగా ఎర్రగా ఉంటే చూపించాలి. రెడీమేడ్ వయల్‌కు ఈ తతంగమంతా లేదు, తేలికపాటి మత్తు సరిపోతుంది. ముసలి కుక్కకు పూర్తి మత్తు తప్పడమే ఆ రకంలో పెద్ద లాభం.

కీలు దగ్గర వెంట్రుకలు గొరిగి, క్లోర్‌హెక్సిడిన్‌తో ఆపరేషన్‌కు కడిగినట్టే కడగాలి. స్టెరైల్ గ్లోవ్స్ లేకుండా కీలులో సూది పెట్టే చోట ఈ పని చేయించొద్దు. సూది లోపలికి వెళ్లాక మొదట చేయాల్సింది ఎక్కించడం కాదు, లోపలి ద్రవాన్ని కొద్దిగా బయటికి లాగి చూడటం. సూది కీలులోనే ఉందనడానికి అదే రుజువు. ఆ చుక్కను గాజు పలక మీద వేసి సూది మొనతో పైకి లాగితే తేనెలాగా రెండు సెంటీమీటర్లకు మించి తీగ సాగాలి. లేత గడ్డి రంగులో, కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు కనిపించేంత తేటగా ఉండాలి. అరిగిన కీలులో తీగ కాస్త పొట్టిగా ఉండవచ్చు. కానీ నీళ్లలా పలచగా, మబ్బుగా ఉంటే ఆ రోజు ఇంజెక్షన్ ఆపేసి, ఆ ద్రవాన్ని పరీక్షకు పంపాలి. చీము పట్టిన కీలులోకి గానీ, సొంత రక్షణ వ్యవస్థే దాడి చేస్తున్న కీలులోకి గానీ కణాలు ఎక్కించకూడదు. లోతుగా ఉండే తుంటి కీలుకు సూది తగిన చోటే ఉందని ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్‌తో సరిచూసుకునే డాక్టరు దొరికితే మరీ మంచిది.

ఇక వయల్. గడ్డకట్టించిన కణాలు ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటాయి. కరిగించాక గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. కణాలు అడుగున చేరతాయి, కాబట్టి వయల్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి, కుదపకూడదు. మరీ సన్నని సూదిలోంచి బలంగా తోస్తే కణాలు చితికిపోతాయి. 20 నుంచి 22 గేజ్ సూది సరిపోతుంది. కీలులోకి పట్టేది పెద్ద కుక్కలోనైనా ఒకటి రెండు మిల్లీలీటర్లే. నొప్పి తెలియకూడదని అదే సిరంజీలో లిగ్నోకైన్ గానీ బుపివకైన్ గానీ కలపడం మంచి ఉద్దేశంతో చేసే పెద్ద పొరపాటు. ఆ మందులు మీసెంకైమల్ కణాలను చంపుతాయి. అప్పుడు లోపలికి వెళ్లేది ఖరీదైన నీళ్లే. అదే కీలులో ఇటీవలి వారాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే దాని సంగతి కూడా ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆ రోజు చేతికి ఒక కాగితం రావాలి. కణాలు ఎక్కడివి, కొవ్వువా మజ్జవా బొడ్డుతాడువా, పెంచినవా కావా, మొత్తం ఎన్ని, కరిగించాక లెక్కిస్తే బతికున్నవి ఎంత శాతం, ఏ కీలులోకి ఎన్ని మిల్లీలీటర్లు, బాక్టీరియా పరీక్ష ఫలితం, బ్యాచ్ నంబరు. బతికున్నవి 70 శాతం కంటే తక్కువుంటే ఆ వయల్ వాడొద్దనండి. దాత వేరే కుక్క అయితే దానికి ఏయే జబ్బులకు పరీక్షలు చేశారో కూడా రాసి ఉండాలి. ఈ కాగితం అడిగితే విసుక్కునే చోట నుంచి కుక్కను వెనక్కి తీసుకొచ్చేయడం మేలు.

తర్వాతి వారాలు

మొదటి ఒకటి రెండు రోజులు కుంటడం పెరగవచ్చు, కీలు కాస్త వాచవచ్చు. కణాలు పెంచేటప్పుడు వాడే దూడ సీరం అవశేషాలు, పరాయి కణాలకు ఒళ్లు చూపే స్పందన దీనికి కొంత కారణం. ఐస్ ప్యాక్‌ను బట్టలో చుట్టి పది నిమిషాల చొప్పున పెట్టండి. మూడో రోజుకూ తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, కాలు నేలకు ఆనించకపోయినా ఫోన్ చేసి ఊరుకోకండి, అదే రోజు తీసుకెళ్లి కీలు ద్రవం తీయించండి. కీలులో చీము అరుదు, కానీ ఒక్కరోజు ఆలస్యమైనా కీలు పాడయ్యే ప్రమాదం ఉంది.

చాలా చోట్ల ఇంజెక్షన్‌కు ముందూ వెనకా కొన్ని రోజులు మెలాక్సికామ్, కార్ప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆపమంటారు. ఆ రోజుల్లో నొప్పికి ఏమివ్వాలో ముందే రాయించుకోండి. గాబాపెంటిన్ రాస్తే మాత్రలే తీసుకోండి. మనుషులకిచ్చే గాబాపెంటిన్ సిరప్‌లో జైలిటాల్ ఉండే అవకాశం ఉంది, అది కుక్కలకు విషం. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ముట్టుకోవద్దు, కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా 2006లోనే మన దేశంలో ఆపేశారు. రాబందులు చచ్చిపోతున్నాయని ఆపినా, కుక్కలకూ అది మంచి చేసే మందు కాదు.

రెండు వారాలు తాడు పట్టుకునే నడిపించాలి, పూటకు ఐదు నుంచి పది నిమిషాలు. మెట్లు, మంచం మీదికి దూకడం, బంతి విసరడం బంద్. తర్వాత నాలుగు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. నొప్పి తగ్గగానే కుక్క పరుగెత్తబోతుంది, కరిగిపోయిన తొడ కండరం ఆ పరుగును తట్టుకోలేదు. అందుకే కూర్చుని లేవడం, నిదానంగా ఏటవాలు ఎక్కడం లాంటి వ్యాయామాలు ఇంజెక్షన్‌తో సమానంగా ముఖ్యం. ఇంట్లో నున్నటి గ్రానైట్, విట్రిఫైడ్ టైల్స్ ఉంటే పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె దాకా, గుమ్మం దాకా రబ్బరు మ్యాట్లు పరవండి. వెనక కాళ్లు పక్కలకు జారిన ప్రతిసారీ తుంటి కీలు మళ్లీ రేగుతుంది. గోళ్లు, పాదాల కింది వెంట్రుకలు కత్తిరించి ఉంచండి. ఈ ఖర్చు ఇంజెక్షన్ ఖర్చులో పిసరంత.

ఫలితం కనిపించేది సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య. రెండో వారానికే పనిచేయలేదని తేల్చేయొద్దు, మర్నాడే పనిచేసిందనీ అనుకోవద్దు.

కొలిచి చూసుకోండి

ఇంజెక్షన్‌కు ముందే ఆ కుక్కకు కష్టమైన పనులు నాలుగు రాసుకోండి. పొద్దున లేచి నిలబడటానికి ఎంతసేపు, కారు ఎక్కడం, గుమ్మం దాటడం, మలవిసర్జనకు ఒంగడం లాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు మార్కు. కుక్క నొప్పిని యజమాని అంచనా వేసేందుకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తయారుచేసిన సీబీపీఐ ప్రశ్నపత్రంలో 11 ప్రశ్నలున్నాయి, ఉచితంగా దొరుకుతుంది. నొప్పి తీవ్రత మార్కు కనీసం 1, రోజువారీ పనులకు అడ్డు పడే మార్కు కనీసం 2 తగ్గితేనే మెరుగుదలగా లెక్కేస్తారు. మామూలు కుక్క ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద మోపుతుంది. ఇంట్లోని బరువు తూచే మెషీన్‌ను ఒక వెనక కాలి కింద, అంతే ఎత్తున్న పుస్తకాలను మిగతా కాళ్ల కింద పెట్టి కుక్కను నిటారుగా నిలబెడితే ఎడమకూ కుడికీ తేడా తెలిసిపోతుంది. మామూలుగా ఒక్కో వెనక కాలికి 20 శాతం రావాలి. తొడ చుట్టుకొలత టేపుతో ప్రతిసారీ ఒకే చోట తీసుకోండి. గరుకుగా ఉన్న రోడ్డు మీద పది మీటర్లు నడిపించి పక్క నుంచి, వెనక నుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు ఇవన్నీ మళ్లీ చేయండి, ముందు రాసిన మార్కులు చూడకుండా కొత్తగా రాయండి. ఆ మధ్యలో కొత్త మందు, కొత్త ఫుడ్, కొత్త సప్లిమెంట్ మొదలుపెట్టకండి. అన్నీ కలిపితే దేనివల్ల మంచి జరిగిందో చెప్పలేం.

ఖర్చు, ప్రత్యామ్నాయాలు

అమెరికాలో సొంత కొవ్వు పద్ధతికి మత్తు, కొవ్వు తీయడం, ల్యాబ్, ఇంజెక్షన్ అన్నీ కలిపి రెండు మూడు వేల డాలర్లు అవుతుంది. అక్కడున్న మనవాళ్లు పెట్ ఇన్సూరెన్స్‌ను నమ్ముకునే ముందు పాలసీ తీసుకునేనాటికే కుంటడం రికార్డులో ఉందేమో చూసుకోవాలి. ఉంటే క్లెయిమ్ రాదు. జంతువులకు వాడే కణాలను మందుల్లాగే చూస్తామని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే మార్గదర్శకం ఇచ్చింది. క్లినిక్ గోడ మీది బోర్డు అనుమతి కిందికి రాదు. మన దగ్గర ఉత్తరప్రదేశ్‌ ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ (ఐవీఆర్ఐ)లో జంతువుల స్టెమ్ సెల్స్‌పై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. ప్రైవేటు క్లినిక్‌లకు వెళ్లే ముందు మీ వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో సర్జరీ విభాగాన్ని ఓసారి అడగండి. కనీసం రోగ నిర్ధారణైనా సరిగ్గా జరుగుతుంది. ఎక్కడికెళ్లినా కోట్‌లో పరీక్షలు, మత్తు, ల్యాబ్, ఇంజెక్షన్, ఫాలోఅప్ విడివిడిగా రాయించుకోండి, ఒక్క ముక్కలో "ప్యాకేజీ" అంటే ఒప్పుకోవద్దు.

నెలకోసారి చర్మం కింద ఇచ్చే లిబ్రెలా ఇంజెక్షన్ యూరప్‌లో 2020లో, అమెరికాలో 2023లో అనుమతి పొందింది. నొప్పి సంకేతాన్ని మోసే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. చాలా కుక్కలకు స్టెమ్ సెల్స్ కంటే ఇదే తేలిక, పనిచేయకపోతే వచ్చే నెల ఆపేయవచ్చు. కానీ నరాల సంబంధిత దుష్ప్రభావాల ఫిర్యాదులు రావడంతో 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ వెటర్నరీ డాక్టర్లకు హెచ్చరిక లేఖ రాసింది, కాబట్టి వెన్ను, నరాల జబ్బున్న కుక్కకు ఆలోచించి ఇవ్వాలి. చేప నూనె ఒమేగా-3 చవకైనది, నిజంగా పనికొచ్చేది. ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి కిలో బరువుకు రోజుకు సుమారు 100 మిల్లీగ్రాముల వరకు, పలచ విరేచనాలు రాకుండా మెల్లగా పెంచుతూ ఇస్తారు. గ్లూకోసమైన్ మీద పెట్టే డబ్బును చేప నూనెకు మార్చమని మా సలహా.

రెండో డోసు గురించి క్లినిక్ మొదటి రోజే మాట్లాడుతుంది. సొంత కణాలను దాచిపెట్టే సౌకర్యం ఉంటే వాడుకోండి, మళ్లీ మత్తిచ్చి కొవ్వు తీయక్కర్లేదు, ఏటా కట్టే నిల్వ రుసుము ఎంతో మాత్రం ముందే తెలుసుకోండి. పరాయి కణాలైతే, ముఖ్యంగా వేరే జాతి జంతువువైతే, మొదటి డోసుకే ఒంట్లో ప్రతిరక్షకాలు తయారై రెండోసారి వాపు ఎక్కువగా రావచ్చు, ఫలితం తగ్గవచ్చు. మొదటి డోసు తర్వాత మార్కులు బాగా మెరుగై, నెలల తర్వాత మళ్లీ పాత స్థాయికి పడిపోతేనే రెండోది ఇవ్వడంలో అర్థం ఉంది. పన్నెండు వారాలకు కూడా మార్కుల్లో కదలిక లేకపోతే అదే కీలులోకి అవే కణాలు మళ్లీ ఎక్కించొద్దు. ఆ డబ్బు ఫిజియోథెరపీకి, నీళ్లలో నడిపించే వ్యాయామానికి పెట్టండి. లిగమెంట్, వెన్ను ఏమైనా వదిలేశామేమో ఇంకో డాక్టరుకు చూపించండి.